మూడో వరుసలో ఫావుస్తో

ఒర్నెల్లా ఏడవలేదు. భర్త ఫావుస్తో నవంబరులో గుండె ఆగి పోయాడు. చర్చిలో చుట్టాలంతా ముక్కులు చీదుతుంటే ఆమె కొవ్వొత్తులు ఎన్ని వెలుగుతున్నాయో చూస్తూ కూర్చుంది. రెండో రోజున అతని దిండు గలీబు ఉతికి ఆరేసింది, వారం తిరగకుండా కోట్లు, గడ్డం గీసుకునే సామాను చర్చివాళ్లకు ఇచ్చేసింది. ఏడ్చి చేసిందా అంటే అదీ లేదు, గిన్నెలు తోమినట్టు చేసింది.

అత్త అర్జియాకు ఎనభై నాలుగేళ్లు. ఆ వయసులో మాట కడుపులో దాచుకోవడం ఎవరికి చేతనవుతుంది చెప్పండి? ఒకనాడు సూపు గిన్నె ముందు పెట్టుకుని అడిగేసింది.

"నా కొడుకు పోతే నీ కంట చుక్క రాలేదు. లోపల ఏమన్నా ఉందటే, లేకపోతే డొల్లా?"

కోపంతో అడగలేదు పాపం, తెలుసుకుందామనే అడిగింది. ఒర్నెల్లాకూ కోపం రాలేదు. ఆ కోపం రాకపోవడం చూసే ఆమెకు భయం వేసింది. నిజంగా డొల్లేనేమో.

చలికాలమంతా మూసి ఉంచిన వినోదాల పార్కును ఏప్రిల్లో తెరిచారు. సముద్రం ఒడ్డున, పైన్ చెట్ల వెనకాల ఉంటుందా పార్కు. ఒర్నెల్లా పని, డబ్బిచ్చి వచ్చిన పన్నెండేసి మందికి తెర వెనుక సంగతులు చూపించడం. దయ్యాల కొంపలో చేతులు ఏ తీగల మీద లేస్తాయో, ఎలుగుబంటి వేషం తల ఎక్కడ ఆరేస్తారో, ఇలాంటివి. పదకొండేళ్లుగా అదే పని. చివరి మజిలీ మాత్రం ఎప్పుడూ రోలర్ కోస్టర్ షెడ్డే.

మనుషుల్ని ఎక్కించే ముందు, రోజూ పొద్దున్నే ఆ రైలును నీళ్లు నింపిన ప్లాస్టిక్ బొమ్మలతో మూడు చుట్లు తిప్పుతారు. ఒక్కో బొమ్మ ఒక మనిషి బరువు, డెబ్భై అయిదు కిలోలు. ఏటా మార్చిలో వాటికి గొట్టంతో నీళ్లు పట్టేది మెకానిక్ ఫావుస్తోనే. ఒక ఏడు తూకం యంత్రం చెడిపోయింది. అతను కింద దుంగ పెట్టి, దాని మీద పలక అడ్డంగా వేసి, ఒక కొసన బొమ్మను పెట్టి రెండో కొసన తాను కూర్చున్నాడు. అతనూ సరిగ్గా డెబ్భై అయిదే! పలక ఎటూ ఒరగకుండా సమంగా నిలిచిపోతే షెడ్డంతా చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో ఎడమవైపు కూర్చునే ఆ బొమ్మకు ఆనాటి నుంచి ఫావుస్తో అనే పేరు.

ఒర్నెల్లా ఆ బొమ్మ భుజం తట్టి సందర్శకులకు చెప్పేది. "వీరు మా ఆయన. పొద్దున్నే మూడు చుట్లు తిరిగొస్తారు. గురక పెట్టరు. పాస్తాలో ఉప్పు తక్కువైందనరు."

వెనక నుంచి అసలు ఫావుస్తో చేతులు తుడుచుకుంటూ అందుకునేవాడు. "అసలువాడు ఇక్కడున్నాడండీ. ఉప్పు నిజంగానే తక్కువ!"

ఈ ఏడు మొదటి రోజు పొద్దున, ఫావుస్తో తరవాత మెకానిక్ అయిన టిజియానో ఆమెను షెడ్డు గుమ్మంలోనే ఆపాడు.

"వదినా, ఒక్క మాట. ఏటా చలికి ముందు బొమ్మల్లో నీళ్లు తీసేసేది అన్నయ్యే కదా. ఈసారి కూడా తీసేసే ఉంటాడని అందరం అనుకున్నాం. తియ్యలేదు. జనవరిలో గడ్డకట్టి మూడో వరుసది సన్నగా పగిలింది. మిగతావాటికి నీళ్లు మార్చేశాను, దీనికి మాత్రం కొత్తది తెప్పించాను."

"ఆ పగిలినదాంట్లో నీళ్లు ఎవరు పోసినవి?"

"అన్నయ్యవే. పోయిన మార్చివి."

"అయితే ఉంచు."

"వాసన చూడు వదినా, నాచు పట్టింది. అది అన్నయ్య కాదు, కప్పల గుంట."

"తెలుసు. ఉంచు."

"డెబ్భై ఒకటికి దిగింది. రేపటికి ఇంకా కారిపోతుంది. బొమ్మ తూగకుండా రైలు నడిపితే రేపు నా మెడకే కదా?"

దిండు పోయింది, కోట్లు పోయాయి. అతని చేత్తో చేసింది చేసినట్టుగా మిగిలింది లోకంలో ఈ ఒక్కటే అని ఒర్నెల్లాకు అప్పుడు తోచింది. అలా తోచినా దుఃఖం రాలేదు. పొయ్యి కట్టేయడం మరిచిపోయానని గుర్తొచ్చినట్టుంది, అంతే.

పన్నెండు మంది హెల్మెట్లు పెట్టుకుని వచ్చారు. దయ్యాల చేతులు చూపించింది, ఎలుగుబంటి తల చూపించింది. నోరు దాని పని అది చేసుకుపోయింది. షెడ్డులో బొమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"వీరు మా ఆయన. గురక పెట్టరు. పాస్తాలో ఉప్పు తక్కువైందనరు."

అని ఆగింది. పదకొండేళ్ల అలవాటు మరి. వెనక నుంచి ఎవరూ అందుకోలేదు. టిజియానో తల వంచుకుని నేల చూస్తున్నాడు.

ఫెరారా ఊరి నుంచి వచ్చిన లావుపాటి ఆవిడ పకపకా నవ్వింది. "మా ఆయన్నీ పంపిస్తానమ్మా, నీళ్లు నింపి పంపండి!"

ఆవిడ పక్కనున్న పెద్దాయన మాత్రం వంగి చూశాడు. "ఇది కారుతోందే! దీన్ని నమ్ముకునేనా రేపు మా మనవరాలిని ఎక్కించేది?"

పగిలింది ఏదీ ఈ రైలెక్కదని పదకొండేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చింది ఒర్నెల్లానే. ఫావుస్తో ఆ మాట ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆమెకు తెలుసు.

"లేదండీ. ఎక్కించం," అని మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ అడుగున బిరడా లాగేసింది.

టిజియానో "వదినా" అంటూ ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

పచ్చటి నీళ్లు ఆమె గుడ్డ బూట్ల మీదుగా పారి తూము వైపు పోయాయి. అయిపోవడానికి చాలాసేపు పట్టింది. ఫెరారా ఆవిడ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చివర్న బొమ్మ రెండుసార్లు గుడగుడమంది. ఒర్నెల్లా లేచి, దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూపించి, చెప్పాల్సిన తరవాతి ముక్క చెప్పింది. "ఖాళీగా అయితే నాలుగు కిలోలేనండీ. దిగేటప్పుడు మెట్లు జాగ్రత్త."

మధ్యాహ్నం అర్జియా గేటు పక్క బెంచీ మీద, రుమాల్లో చుట్టిన రొట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ బూట్లేంటే, చెరువులో దిగొచ్చినట్టు?"

"ఫావుస్తో బొమ్మలో పోసిన నీళ్లు అత్తయ్యా. నేనే పారబోశాను."

అర్జియా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. నడుము పట్టుకుని వంగి కోడలి బూట్లు విప్పింది, మేజోళ్లు ఊడదీసి పిండి బెంచీ వీపు మీద ఆరేసింది. ఆ పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకుని తన మెడ గుడ్డతో తుడవసాగింది.

"చల్లగా ఉందా?"

"తెలియడం లేదు అత్తయ్యా."

"తెలిసినప్పుడు చెప్పు. ఇదిగో, తిను."

నెత్తి మీదుగా రైలు జనంతో గోలగోలగా పోయింది. ఒర్నెల్లా రొట్టె కొరికి నములుతూ మేజోళ్ల వైపు చూసింది. ముసలామె తుడుస్తూనే ఉంది.