ఊరు దాటని వలస

బడి సామాన్ల కోసం వ్యాను పదిన్నరకి దుంపలపుట్టు చేరింది. ఇద్దరు మనుషులు దిగి, ఎవర్నీ పలకరించకుండా లోపలికి వెళ్లి, కూర్చున్న పిల్లల్ని లేపి మరీ బల్లలు బయటికి మోశారు. ఆరు బల్లలు, ఒక నల్లబల్ల, అన్నం వండే పెద్ద గిన్నె, గోడ మీది పటాలు. పటం లాగుతుంటే మేకుతో పాటు గోడ పెచ్చు ఊడి పడింది.

రాజకుమారి టీచరు గుమ్మం పక్కన నిలబడి చూసింది. పాడేరు అవతలి కొండల్లో పుట్టిన మనిషి. పదకొండేళ్లుగా ఈ బడికి ఆమె ఒక్కతే టీచరు. ఐదు తరగతులు, పదిహేడుమంది పిల్లలు, ఒకటే గది. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు ఎవరో ఆ చేతిని తాకినట్టుంది, అంతే.

రాగిచేలో నుంచి చిట్టెమ్మ పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ల దాకా బురద. ఆమె కూతురు భాను మూడో తరగతి.

"ఏటి సేత్తన్నారు బాబూ? మా పిల్లల బడి ఎక్కడికట్టుకుపోతన్నారు?"

"పదిహేడుమందికి ఒక బడేంటమ్మా? కొత్త ప్రభుత్వం సంతవలసలో ఆదర్శ బడి పెట్టింది. తరగతికో టీచరు. మీ పిల్లలు అక్కడికి వెళ్తారు."

"సంతవలసంటే నాలుగు కిలోమీటర్లు. మజ్జిన గెడ్డుంది. వానొత్తే ఆ ఏరు మేమే దాటనేం, పిల్ల గుంటలెలాగ దాటుతారు?"

"అది మాకు తెలీదు. ఆర్డరు."

చిట్టెమ్మ రాజకుమారి వైపు తిరిగింది. "నువ్వేటి మాటాడవు టీచరమ్మా?"

రాజకుమారి వ్యాను వైపు చూసింది. 'తరగతికో టీచరు' అన్న అట్టముక్క పట్టుకుని మూడేళ్ల కిందట విశాఖపట్నంలో ఎండలో నడిచిన వాళ్లలో ఆమె కూడా ఉంది.

* * *

ఆ ఆదివారం పాడేరులో సంఘం మీటింగు. రేకుల షెడ్డులో ఎనభైమంది టీచర్లు. అధ్యక్షుడు సూర్యనారాయణ మాస్టారు లేచారు. కింద మైదానంలో, చోడవరం వైపు మనిషి. వయసులో ఉండగా సమ్మె చేసి జైలుకెళ్లిన మనిషి. ఆయన మాట్లాడితే ఇప్పటికీ వెనక బెంచీల వాళ్లు గుసగుసలు ఆపుతారు.

"గత ప్రభుత్వం మనల్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. ఈ ప్రభుత్వం పిలిచి కూర్చోబెట్టింది. తరగతికో టీచరు మన డిమాండే. వాళ్లిస్తామంటుంటే వద్దంటామా? ఒకటీ అరా లోపాలుంటాయి. చర్చల్లో సరిచేసుకుందాం."

పక్క ఊరి టీచరు మంగరాజు లేచాడు. "ఒకటీ అరా కాదు మాస్టారూ. మా మండలంలో ఇరవై మూడు బడులెత్తేశారు. అన్నీ కొండ మీదివే. కిందోళ్ల బడి ఒక్కటి మూసారా?"

"కిందా మీదా అని విడదీయకు మంగరాజూ."

"నేను విడదీశానా? గెడ్డ విడదీసింది."

షెడ్డంతా ఒక్కసారి మాట్లాడింది. కూర్చోవయ్యా అని ఒక టీచరు మంగరాజు మీద అరిచాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన, కాలేజీలో పాఠం చెప్పే సుమ గొంతు పెంచి అంది: "నాకొక్క మాట చెప్పండి. ఏకోపాధ్యాయ బడిలో ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠమైనా చదవగలుగుతున్నారా? చదువు రాని బడిని దగ్గరుంది కదా అని కాపాడుకుందామా? దాని వల్ల నష్టపోయేది ఆదివాసీ పిల్లలే కదా?"

ఆ మాట రాజకుమారికి సూటిగా తగిలింది. ఆమె బడిలో ఐదో తరగతి పిల్లలు ముగ్గురు. ముగ్గురికీ చదవడం రాదు. ఒకటో తరగతి వాళ్లకి అక్షరాలు దిద్దించే లోపు ఐదో తరగతి వాళ్ల పొద్దు గడిచిపోయేది.

"అంటే మూసెయ్యాలా?" అని మంగరాజు అరిచాడు.

"మూసెయ్యమన్లేదు. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోమన్నాను."

"రాజకుమారిని అడగండి. మొన్ననే ఆమె బడి ఎత్తుకెళ్లారు."

ఎనభై మొహాలు ఇటు తిరిగాయి. ఆమె లేచింది. సుమ చెప్పింది నిజం, మంగరాజు చెప్పిందీ నిజం. తిరిగి కూర్చుంది. మూడు గంటలు వాదించుకుని, వినతిపత్రం ఇద్దామని తీర్మానం చేశారు. టీ చల్లారిపోయింది. చల్లారిందని తెలియకుండానే ఆమె తాగేసింది.

* * *

రాజకుమారిని సంతవలస బడికే వేశారు. జూలై వానలు పట్టుకున్నాయి. దుంపలపుట్టు నుంచి మొదటి వారం పదకొండుమంది వచ్చారు. గెడ్డ పొంగిన రోజు భాను కాలు జారింది. వెనకొస్తున్న ఆడమనిషి జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగింది. పలకా పుస్తకాలూ కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఐదుగురే వచ్చారు. ఆ ఐదుగురికీ సంతవలసలో చుట్టాల ఇళ్లున్నాయి.

తరగతికో టీచరన్నారు. వచ్చింది ముగ్గురు.

నెలాఖరున మండల అధికారి ఆమెను ఆఫీసుకి పిలిచాడు. "దుంపలపుట్టు పిల్లలు పన్నెండుమంది ఆబ్సెంటు చూపిస్తోంది. బడి మానేశారని పైకి వెళ్తే నాకూ మీకూ కూడా మాటొస్తుంది. యాప్‌లో ఇంకో ఆప్షనుంది చూడండి. కుటుంబంతో వలస వెళ్లారు. అది కొట్టండి."

"వాళ్లు ఊళ్లోనే ఉన్నారు సార్."

"ఉండనీండి. కొట్టండి."

ఆమె బయటికొచ్చి సూర్యనారాయణ మాస్టారికి ఫోను చేసింది. "వచ్చే నెల చర్చలున్నాయమ్మా. ఇప్పుడు గొడవైతే మొత్తం చెడిపోతుంది. ఈ ఒక్కసారికి..." అని ఆపేశారు.

వరండాలో నిలబడే నొక్కింది. ఒక్కో పేరు మీద వేలు పెట్టడం, వలస అనడం, సరే అనడం. ఏడో పేరు భానుది. వేలు ఆగలేదు. పన్నెండూ అయ్యాక ఫోను బ్యాగులో వేసుకుని జీపెక్కింది. జీపులో ఎవరో అరటిపండు ఇస్తే తింది.

మర్నాడు మంగరాజు ఎదురుపడి చెప్పాడు, తన చేత తొమ్మిదిమందిని వలస రాయించారని. "ఊళ్లో చెప్పేశాను. నువ్వూ చెప్పు" అన్నాడు.

* * *

ఆ సాయంత్రం దుంపలపుట్టులో బడి వరండా ముందు జనం కూడారు. రాజకుమారి నిలబడి, ఉన్నదంతా చెప్పింది.

చిట్టెమ్మ దగ్గరికొచ్చింది. "ఏలు ఎలాగాడింది నీకు?"

"ఆడింది" అంది రాజకుమారి.

"గెడ్డలో పోబోయిన గుంట ఇంట్లో ఉంటే, ఊరొదిలి ఎల్లిపోనాదని రాసీసినావా?"

"రాశాను."

కొడుతుందేమో అనుకున్నారు అందరూ. కొట్టలేదు. వెనక నుంచి బుధు కర్ర ఊతంతో లేచాడు. ఊళ్లో పెద్దవాడు. పోడు పట్టాల కోసం ఆఫీసుల చుట్టూ ఇరవయ్యేళ్లు తిరిగిన మనిషి.

"ఆగండే. నాకొక్కటి సెప్పండి. ఊళ్లో లేనోడికి పట్టా ఎలాగుంటాది? రేసను కార్డెలాగుంటాది? కుటుంబంతో ఎల్లిపోనారని గవర్నమెంటు పుస్తకంలో ఉంటే, రేపొచ్చి ఈ కొండ మీద ఎవుల్లేరంటే మనమేటి సూపిత్తాం?"

అప్పటిదాకా అది పిల్లల గొడవ. అప్పుడది భూమి గొడవ అయింది.

"మీరంతా పాడేరులో మీటింగెట్టారు గదా," అంది చిట్టెమ్మ, "మమ్మల్నెవులైనా అడిగారా?"

"లేదు."

"ఏటనుకున్నారు అక్కడ?"

రాజకుమారి చెప్పింది. దూరం బడి కావాలని కొందరు, దగ్గర బడి ఉండాలని కొందరు, తరగతికో టీచరని కొందరు.

చిట్టెమ్మకి నవ్వొచ్చింది. "ఊరికాడే బడుండాల, ఆ బడికి ఇద్దరు పంతుళ్లుండాల. ఇందులో కొట్టుకోడానికి ఏటుంది?"

మూడు గంటల మీటింగులో ఆ మాట ఒక్కరూ అనలేదు.

* * *

సంత రోజున, బడులు పోయిన ఐదూళ్ల జనం కొండ దిగారు. పసుపు బుట్టలూ చింతపండు మూటలూ సంతలో దించలేదు. నేరుగా మండల ఆఫీసుకి తెచ్చి, మెట్ల ముందు దించి, వాటి పక్కనే పిల్లలతో కూర్చున్నారు. కొనడానికొచ్చిన షావుకార్లు ఖాళీ సంతలో నిలబడ్డారు.

అధికారి బయటికొచ్చాడు. వెనక పోలీసులు. సంగతి తెలిసి పాడేరు నుంచి వచ్చిన సూర్యనారాయణ మాస్టారు గేటు దగ్గరే ఆగారు.

"ఏం కావాలి మీకు?"

"మా బడి మాకియ్యండి. ఇద్దరు పంతుళ్లనియ్యండి" అంది చిట్టెమ్మ.

"ఏ ఊరు?"

"దుంపలపుట్టు."

అధికారి ఫోనులో చూశాడు. "బడి వయసు పిల్లలు మీ ఊళ్లో లేరు. ఉన్న ఐదుగురూ సంతవలసలో చదువుతున్నారు. మిగతా వాళ్లు వలస వెళ్లినట్టు రికార్డుంది. ఎవరి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారో నాకేం తెలుసు?"

భాను తన తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుంది. రాజకుమారి జనంలోంచి లేచింది. సూర్యనారాయణ మాస్టారు గబగబా వచ్చి భుజం పట్టుకున్నారు. "వద్దమ్మా. ఉద్యోగం పోతుంది. కేసవుతుంది. నేను మాట్లాడతాను."

ఆమె ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"ఆ రికార్డు రాసింది నేను. పన్నెండుమంది. అబద్ధం. ఈయన రాయమన్నాడు, నేను రాశాను."

ఆమె గొంతులో వణుకు లేదు. ధైర్యమూ లేదు. సరుకుల జాబితా చదివినట్టు చెప్పింది. అందుకేనేమో, జనం ఒక్క మాటా వదలకుండా విన్నారు.

మంగరాజు లేచాడు. "నేను తొమ్మిదిమందిని రాశాను. అబద్ధం."

ప్రహరీ పక్క నిలబడి చూస్తున్న ఒక టీచరు, మీటింగులో మంగరాజు మీద అరిచినవాడే, చెయ్యెత్తాడు. "నేను పద్నాలుగు."

"అందర్నీ ఎక్కించండి" అన్నాడు అధికారి.

పోలీసులు రాజకుమారినీ, మంగరాజునీ, చెయ్యెత్తిన టీచరునీ, చిట్టెమ్మనీ వ్యానులోకి తోశారు. బుధు వ్యాను ముందు కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని నలుగురు మోసి పక్కన పెడితే, ఆ చోట పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వ్యాను కదలడానికి గంట పట్టింది.

* * *

స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక రాజకుమారి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఎంత పట్టుకున్నా ఆగలేదు. ఇన్ని రోజులదీ ఒక్కసారి వచ్చినట్టుంది. చిట్టెమ్మ ఆ రెండు చేతుల్నీ తన ఒళ్లో పెట్టుకుంది.

"ఉండనీ. ఒనకనీ" అంది.

మధ్యాహ్నం మూడు గంటలకి సూర్యనారాయణ మాస్టారు లోపలికొచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నా మాట ఇప్పటికీ అదేనమ్మా. ఇది తొందరపాటు. చర్చలు పోయినట్టే."

"సరే మాస్టారూ."

"సరే అంటావేంటి? బయట చూశావా? ముప్పయ్యొక్కమంది టీచర్లు లైను కట్టారు. మేమూ వలస రాశాం, మా స్టేట్‌మెంటూ తీసుకోండని. మూసెయ్యమన్న వాళ్లున్నారు, వద్దన్న వాళ్లున్నారు. ఆ సుమ విశాఖపట్నం నుంచి బస్సెక్కిందట. నన్ను అధ్యక్షుడివి కదా, ముందు నిలబడమంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

రాజకుమారి చిట్టెమ్మ వైపుకి జరిగి, బల్ల మీద ఆయనకి చోటిచ్చింది. ఆయన చాలాసేపు నిలబడే ఉన్నారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కూర్చోకుండా, బయటి లైను వైపు నడిచారు.

ఎస్సై లోపల్నించి కేకేశాడు. కాగితాలైపోయాయి, ఇంకో దస్తా పట్టుకు రమ్మని.