కడిగిన గొట్టం

మైక్రోస్కోపులో ఆ త్రికోణం కనబడగానే తొందరమ్మ కుర్చీలో కూలబడింది. నలభై రెండుసార్లు ఖాళీ పలక చూపించి ఏడిపించిన ఫర్నేస్ నలభై మూడోసారి కరుణిస్తే ఎవరైనా ఎగిరి గంతేస్తారు గానీ, ఇలా మొహం వేలాడేసుకుంటారా? ఆమె వేలాడేసుకుంది. కారణం ఆ త్రికోణంలో లేదు, పద్నాలుగేళ్ళ వెనక ఉంది.

తొందరమ్మ అన్నది వదిన పెట్టిన పేరు. వదినంటే సొంత అన్నయ్య భార్య. అప్పట్లో ఈ గదిలో ఫర్నేస్ ఆమె చేతికింద ఉండేది, తొందరమ్మ ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. చల్లారక ముందే మూత తెరవబోయి పెన్సిలుతో చేతిమీద దెబ్బ తిన్న రోజునే ఆ పేరు ఖాయమైపోయింది. ఇక ల్యాబంతా వదినను "వదినా" అనే పిలిచేది. తండ్రి వయసున్న డైరెక్టరు కూడా ఓసారి నిండు మీటింగులో నోరు జారి "వదిన చెప్పినట్టు" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆయన ఈ గది ఛాయలకు రాలేదు.

చెప్పుకుంటే పని చిన్నదే. పొడవాటి క్వార్ట్జ్ గొట్టం. అందులో ఒక పక్క బోటనే పడవలాంటి పింగాణీ పాత్రలో గంధకం పొడి, మధ్యలో ఇంకో బోటులో చిటికెడు మాలిబ్డినం ఆక్సైడ్, దాని మీద బోర్లించిన సిలికాన్ పలక. ఆర్గాన్ వాయువు వదిలి ఏడువందల యాభై డిగ్రీల దాకా వేడి చేస్తే, ఆ రెండూ ఆవిరై, కలిసి, పలక మీద త్రికోణాల ఆకారంలో పొరగా పేరుకుంటాయి. మూడంటే మూడు పరమాణువుల మందం. దాని మీద ఇంకో పొర పెరిగితే గుణమే మారిపోతుంది. అలా పొర మీద పొర పెంచడంలో వదిన చెయ్యి తిరిగిన మనిషి. బయటికి పోయే వాయువు నూనె సీసాలో బుడగలుగా తేలుతుంటే, డాక్టరు నాడి చూసినట్టు వాటిని లెక్కపెట్టేది. నిమిషానికి ముప్ఫై. ఒకటి తగ్గినా ఊరుకునేది కాదు. ఫర్నేస్ వేడెక్కేలోగా ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని ఒకే డబ్బాలో అన్నం తింటూ అన్నయ్య గురకను వెక్కిరించుకునేవాళ్ళు. అంత సుఖమైన మధ్యాహ్నాలు తొందరమ్మకు మళ్ళీ దొరకలేదు.

ఒకసారి వదిన వారం రోజులు ఊళ్ళో లేదు. ఆ గొట్టం వదిన చేరకముందు నుంచీ వాడుతున్నదే. లోపలంతా గోధుమరంగు, పసుపు మరకలు. మురికి గిన్నె పొయ్యి మీద పెడితే ఒంటికాలి మీద లేచే తల్లి చేతిలో పెరిగిన తొందరమ్మకు అది కంట్లో నలుసయింది. రెండు రోజులు ఆసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, తళతళలాడించి పెట్టింది. వదిన వచ్చి చూసి మురిసిపోయి, మా ఆడపడుచు బంగారమని పక్క గదులకు కూడా వెళ్ళి చెప్పుకొచ్చింది.

ఆ రోజు నుంచి ఒక్క పొర పెరగలేదు. వదిన గంధకం మార్చింది, సిలిండరు మార్చింది, వేడి పెంచింది, తగ్గించింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఈ గది మాకివ్వండని పక్కవాళ్ళు డైరెక్టరు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. చివరికి అనుమానించడానికి ఏమీ మిగలక ఆమె తన చేతుల్నే అనుమానించింది. నా చెయ్యి పోయిందని చెప్పి కోటు కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. తొందరమ్మ వేరే పద్ధతిలో పరిశోధన చేసి డిగ్రీ తెచ్చుకుని, మెల్లగా ఈ ల్యాబుకే పెద్దయింది. ప్రతివారం వదిన ఇంటికి వెళ్తుంది. ఇద్దరూ అన్నీ మాట్లాడుకుంటారు, ఫర్నేస్ ఊసు తప్ప.

ఇప్పుడు కొత్త ఫర్నేస్, కొత్త గొట్టం. నలభై రెండు రన్నులు గాలికి పోయాయి. నలభై మూడోది పెట్టేముందు గొట్టంలోకి చూస్తే గోధుమరంగు, పసుపు మరకలు. ఎక్కడో చూసిన రంగులు. అప్పుడేమీ తట్టలేదు. త్రికోణం కనబడ్డాక తట్టింది. కొత్త ఇనుప పెనం మొదట్లో వేసిందల్లా అంటించుకుంటుందే, అలాగే శుభ్రమైన గొట్టం ఆవిరినంతా తన గోడలకే పట్టించుకుంటుంది. గోడలు నిండితే గానీ పలకకు మిగల్చదు. వదిన చేతులకు ఏ రోగమూ లేదు. వాటికి ఆ నింద అంటగట్టింది తనే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే వదిన మళ్ళీ మొహం చూస్తుందో లేదో. తల్లి పోయాక తల్లిలా చూసిన మనిషి. కానీ చెప్పకపోతే ఆ మనిషి చచ్చేదాకా తన చేతులు పనికిరానివనే అనుకుంటుంది. అదే భరించలేకపోయింది తొందరమ్మ. బస్సెక్కింది.

కాలేజీ ల్యాబులో వదిన కుళాయి కింద పరీక్షనాళికలు కడుగుతోంది. తొందరమ్మ గుడ్డ తీసుకుని పక్కన నిలబడి, ఒక్కొక్కటీ తుడుస్తూ, తలెత్తకుండా మొత్తం చెప్పేసింది. ఆసిడ్, మరకలు, త్రికోణం, అన్నీ. వదిన చేతిలో ఉన్న నాళికనే మళ్ళీ కడిగింది.

"ఎన్నో రన్నులో పెరిగింది?" అంది చివరికి.

"నలభై మూడు."

వదిన కుళాయి కట్టేసింది.

"నేను నలభై ఒకటి చేసి ఆపేశాను, తొందరా."

తొందరమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఏడుపు ఆగలేదు. "నన్ను తిట్టు వదినా" అంది. వదిన తడి చేతుల్ని ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి, ఎవరివో చేతుల్ని చూసినట్టు చూసుకుంది. ఆమె కళ్ళు కూడా నిండిపోయాయి.

"పద్నాలుగేళ్ళు వీటిని ఎంత తిట్టుకున్నానో నీకేం తెలుసే" అంది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పద, చూపించు" అంది.

మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూసింది వదిన. పొర ఒక్కటే ఉంది, రెండోది రాలేదని పెదవి విరిచింది. గొట్టంలో మరకలు చూసి, ఈసారి దీన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతానంది. ఆ మాటకు తొందరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తర్వాత అడక్కుండానే వదిన కొక్కేనికున్న కోటు తొడుక్కుని, బోటులో గంధకం పోసి, పలక బోర్లించి, నూనె సీసా ముందు కుర్చీ లాక్కుని బుడగలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

రన్నుల పుస్తకంలో నలభై మూడు కింద తర్వాతి రన్ను అంకె వదినే రాసింది. తొందరమ్మ నలభై నాలుగు ఉంటుందనుకుని చూసింది. వదిన నలభై రెండు అని రాసింది.