పద్నాలుగో పేజీ

అంట్లు తోమి, అత్తయ్యకి మాత్రలిచ్చి, గడ్డిలో మగ్గబెట్టిన మామిడికాయల్ని ఓసారి తిరగేసి, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నూజివీడు బస్టాండు దగ్గర మా ఆయన గోపికి డీటీపీ షాపుంది. తర్జుమాలు కూడా చేస్తామని బోర్డు మీద రాయించాడు. పేరు ఆయనది, చేసేది ఇంట్లో కూర్చుని నేను. "కూర్చుని కొట్టడమేగా, దానికింత అలుపేంటి?" అంటాడు. వంట నిలబడే చేస్తాను కదా, పోనీ దానికైనా అలుపుందని ఒప్పుకుంటాడా అంటే అదీ లేదు.

ఈసారి వచ్చింది ఒక రేవు కంపెనీ నివేదిక. సముద్రపు ఒడ్డున గోదాములు కడతారట. అనుమతి రావాలంటే ముందు ఊళ్ళో సభ పెట్టి జనం అభిప్రాయం అడగాలి, వాళ్ళు చదువుకోవడానికి సారాంశం తెలుగులో ఇవ్వాలి. మొదటి పేజీలో ఊరి పేరు మళ్ళీ మళ్ళీ చదివాను. నేను పుట్టిన ఊరు.

పద్నాలుగో పేజీలో పటం ఉంది. పెద్ద పోటుకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే గీత ఉంది. ఆ గీతకి దగ్గర్లో ఏమీ కట్టకూడదు కాబట్టి, మహానుభావులు గీతనే సముద్రంలోకి జరిపేశారు. కింద ఒక వాక్యం: 'ఈ ఇసుక నేలను ప్రజలు ఏ అవసరానికీ వాడటం లేదు.'

మా అమ్మ కనకమ్మ ఆ ఇసుక మీదే చేపలు ఎండబెట్టేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక అమావాస్య పోటుకి ఎండుచేపలు కొట్టుకుపోతుంటే పట్టుకోబోయి తనే పోయింది. మనిషి దొరకలేదు. నీళ్ళు ఆగిన చోట నాన్న గొయ్యి తీసి అమ్మ చీర పెట్టి పూడ్చాడు. ఆ తర్వాత సముద్రం వైపు చూడలేక, నన్ను తీసుకుని రెడ్డిగూడెం మామిడితోటలో కాపలాకి వచ్చేశాడు. పటంలో అమ్మ చీర ఉన్న చోట రెండో గోదాము వస్తోంది.

మూడు రోజులుగా అమ్మ ఇంట్లోనే ఉంది. తుడిచి ఆరిన గచ్చు మీద తడి అడుగులు కనిపిస్తున్నాయి. నిన్న "ఇల్లంతా ఈ నీచు కంపేంటే? ఎంత కడుక్కున్నా మీవాళ్ళ వాసన పోదు" అంది అత్తయ్య. పదకొండేళ్ళుగా వింటున్న మాటే. నిన్న మాత్రం ఆ వాసన నాకూ వచ్చింది. టైపు చేస్తుంటే అమ్మ నా వెనక నిలబడి కొంగు పిండుకుంటుంది. "ఎవరూ వాడలేదని రాస్తున్నావా? మరి నేనక్కడ ఏం చేశానే తల్లీ?" అంటుంది. నాకు భయమేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది.

మధ్యాహ్నం గోపి భోజనానికి వస్తే చెప్పాను. "ఇది అబద్ధమండీ. పోటు అక్కడితో ఆగదు. మా అమ్మ..."

"ఉన్నది ఉన్నట్టు తెలుగు చెయ్యి, నీ సోదెవడడిగాడు? ఈ కంపెనీ పోతే ఇంకొకటి దొరకదు మనకి. అయినా పోయినోళ్ళకి ఇసకైతే ఏంటి, గోదామైతే ఏంటి? పెరుగెయ్యి."

పెరుగేశాను. ఇంటర్‌లో నా వెంటపడి మరీ చేసుకున్న మనిషి. నా ముఖం వైపు కూడా చూడలేదు. ఆయన వెళ్ళాక, చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు రాశాను. అబద్ధాన్ని చక్కటి తెలుగులో, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా రాశాను. అభ్యంతరాలుంటే ఎవరైనా రాసివ్వవచ్చని చివరి పేజీలో ఉంది. అదీ రాశాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. "అయిపోయిందా?"

"మీది అయిపోయిందండీ. నాది ఒక్క పేజీ ఉంది."

"నీదేంటి?"

ఫోన్ పెట్టేశాను. అమ్మ ఇంకా వెనకే ఉంది, ఊపిరి మెడకి చల్లగా తగులుతోంది. తెల్లకాగితం తీసుకుని, బుధవారం ఆ ఊళ్ళో జరిగే సభకి వస్తున్నానని, మాట్లాడే వాళ్ళలో నా పేరు రాసుకోమని సభ పెట్టే అధికారులకి రాశాను. ఎందుకో కారణం రాయాలి కదా, రాశాను: 'ఈ నివేదికను తెలుగులో రాసిందాన్ని నేనే. పద్నాలుగో పేజీ అబద్ధం.'