గోరంత అతుకు

నేను ఒక జాయింట్ షాఫ్టును. ఈ మాట వినగానే మీ కళ్ల ముందు ఏమీ మెదలకపోతే నొచ్చుకోను. పికప్ బండి చూసేవాళ్లు సీట్లు చూస్తారు, అద్దాలు చూస్తారు, పాటలు ఎంత గట్టిగా వస్తాయో చూస్తారు. ముందు ఇంజను, వెనక చక్రాలు. ఆ రెంటికీ మధ్య బండి పొట్ట కింద పొడుగాటి ఇనుప గొట్టంలా తిరిగే నన్ను చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఇంజను ఎంత గింజుకున్నా నేను తిరగందే బండి అంగుళం కదలదు. ఈ గొప్ప ఇంకెవరూ చెప్పరు కనుక నేనే చెప్పుకుంటున్నాను.

నన్ను తయారుచేసిన చోట గొట్టం కోసి, రెండు చివరలా జాయింట్లు బిగించి, ఒక యంత్రం మీద వేసి గిరగిరా తిప్పారు. ఒక పక్క తేలికగా ఉన్నానని తేలింది. అక్కడ గోరంత ఇనుప ముక్క అతికించి మళ్లీ తిప్పారు. ఈసారి వణుకన్నది లేకుండా తిరిగాను. మనుషుల్ని కూడా పుట్టగానే ఇలా ఒకసారి తిప్పి చూసే యంత్రం ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనిపించింది.

మొదట్లో ఒక గ్యాస్ ఏజెన్సీ బండి కింద పనిచేశాను. అక్కడ నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టలేదు, గ్రీజు మాత్రం వేళకు పెట్టారు. బండి పాతబడ్డాక కడియపులంక ధనరాజు కొనుక్కున్నాడు.

కడియపులంక నర్సరీల ఊరు. ధనరాజు ఆ నర్సరీల మొక్కలు లోడు వేసుకుని తోలేవాడు. అతని భార్య మంగతాయారు కూలికి మామిడి అంటు కట్టేది. నాటు మొక్క తల కోసి, చీలికలో మంచి రకం కొమ్మ దింపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టడం ఆమె పని. కొన్నాళ్లకు ధైర్యం చేసి కాస్త నేల కౌలుకు తీసుకుని సొంతంగా మొక్కలు పెట్టింది. నూజివీడు వైపు తోట వేసుకుంటున్న ఒక రైతు ఆమె మొక్కలు చూసి, విడతలవారీగా తానే తీసుకుంటానని మాటిచ్చాడు.

ధనరాజుకు బండంటే ప్రాణం. దసరాకు మిగతా డ్రైవర్లు బండి కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి ఊరుకున్నారు. ఈయన గోనెపట్టా పరుచుకుని కిందకు దూరాడు. కిరసనాయిలు గుడ్డతో నన్ను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తుడిచాడు. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత మర్యాద జరగలేదు. మురిసిపోతూ ఉండగానే అతని చెయ్యి ఆ గోరంత ముక్క మీద పడింది.

“ఎవడో చేతకానోడు అతుకేసి వదిలేశాడు! పండగపూట ఇదేం మచ్చ?” అన్నాడు. ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దాన్ని ఊడగొట్టాడు. ఆ చోటు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, నా ఒంటినిండా పసుప్పచ్చ రంగు వేసి, ఎర్రటి బొట్లు పెట్టాడు. నోరుంటే అరిచేదాన్ని. లేదు కనుక ముస్తాబై ఊరుకున్నాను.

ఆ మర్నాటి నుంచి బండి వేగం అందుకోగానే నాకు వణుకు పట్టుకునేది. ధనరాజు రోడ్డును తిట్టాడు. టైర్లు మార్చాడు. దిష్టి తగిలిందని నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. రావులపాలెం మెకానిక్ జిలానీ నా జాయింట్లు మారిస్తే, ఆ కొత్తవీ నా వణుక్కి తొందరగానే అరిగిపోయాయి. రంగు కింద ఏం జరిగిందో అతనికి మాత్రం ఏం తెలుసు?

మిగతా నర్సరీల గడ్డి పలకలు, క్రోటన్లు దగ్గరి ఊళ్లకే పోయేవి కనుక వాటికేమీ కాలేదు. దూరం పోయే లేత మొక్కలు మంగతాయారువే. దారిపొడవునా నా వణుకు ఆ సంచుల్లోకి ఎక్కేది. సంచిలో వేరు చుట్టూ ఉన్న మట్టిగడ్డ పగిలితే, పైకి పచ్చగానే ఉన్న మొక్క నాటిన కొద్దిరోజులకు తల వేలాడేస్తుంది. మొదటి లోడులో సగం పోయాయి. రెండోదీ అంతే. రైతు కోప్పడలేదు కానీ ఇంకొక్కసారి చూస్తానన్నాడు.

“కూలికి కట్టినయ్యన్నీ బతికినియ్యి మావా. నాయి అనుకుని కడితే సచ్చిపోతన్నాయి. ఈ చేతిలోనే ఏదో ఉంది,” అంది మంగతాయారు, బండి పక్కన నిలబడి.

“అదేం లేదే,” అన్నాడు ధనరాజు. అతని గొంతులోనూ నమ్మకం లేదు. నెలాఖరుకు నేల వదిలేసి, ఇక అంటు కత్తి పట్టకుండా, ఎవరి నర్సరీలోనైనా కలుపు తీతకు పోతానంది ఆమె. ఇద్దరి కాళ్లకూ జానెడు దూరంలో ఉన్నాను, ఒక్క మాట చెప్పలేకపోయాను. అంత బాధ నాకు మళ్లీ కలగలేదు.

ఒకరోజు పొద్దున రావులపాలెం దగ్గర నా జాయింటు ఫట్మని విరిగింది. ఇంజను ఊరికే అరిచింది, బండి కదల్లేదు. తాడు కట్టి జిలానీ షెడ్డుకు లాక్కెళ్లారు. “దీంట్లో ఇంకేం లేదండీ, షాఫ్టే మార్చెయ్యాలి,” అని జిలానీ నన్ను విప్పి నేల మీద పెట్టాడు. పక్కనే కొత్త షాఫ్టు, నల్లగా నిగనిగలాడుతూ. దాని నడుం మీదా గోరంత ముక్క.

ధనరాజు దాన్ని చూశాడు. “ఇదిగో, కొత్తదానికీ అతుకే ఏశారు! ఆ సుత్తి ఇలాగియ్యి భాయ్, బిగించకముందే ఊడగొట్టేత్తాను.”

జిలానీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “బుద్ధుండే అంటున్నారా? అది అతుకు కాదండీ, తూకం! అది పోయిందంటే షాఫ్టు వణికి వణికి బండినీ లోడునీ గుల్ల చేసేద్ది.”

ధనరాజు నా దగ్గర గొంతుక్కూర్చుని గోటితో రంగు గీకాడు. నున్నటి చోటు బయటపడింది.

“అరె, దీన్ని ఎవడు తీశాడండీ?” అన్నాడు జిలానీ. కొత్తది బిగించాక ధనరాజు నన్నెత్తి బండిలో వేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వెనక ట్రాలీలో పడి ఉన్నాను. కొత్తది చక్కగా తిరుగుతోంది, నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం. ధనరాజు నోరు మూసుకుంటే సరిపోయేది. భార్యకు ఎప్పటికీ తెలియదు, జిలానీ అడగడు, నేను చెప్పలేను. ఇంత వీలున్న చోట నిజం చెప్పిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

మంగతాయారు మిగిలిన నాటు మొక్కలు పక్క నర్సరీకి ఇచ్చేద్దామని గట్టు మీదకు చేరేస్తోంది. ధనరాజు నన్ను దించి ఆమె ముందు పెట్టాడు.

“మంగా, నీ చేతిలో ఏం లేదే. చేసిందంతా నేనే. దసరాకి దీని మీదున్న ముక్క బాగోలేదని ఊడగొట్టాను. బండి వణికింది అందుకే. నీ మొక్కలు పోయింది అందుకే.”

ఆమె వంగి ఆ నున్నటి చోటు బొటనవేలితో తడిమింది. లేచి నిలబడింది.

“ఈ చేత్తో అన్నం కలుపుకోడానికి కూడా మనసొప్పలేదు మావా నాకు. తెలుసా నీకు?”

ఆమె కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. నీడ కోసం కట్టిన పచ్చటి వల ఒక మూల గుంజ విరిగి నేలకు జారి ఉంది. వదిలేసే నేలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

“దీన్ని అక్కడ పాతు,” అంది.

ధనరాజు గొయ్యి తవ్వి నన్ను నిలబెట్టాడు. ఇన్నేళ్లూ పడుకుని తిరిగినదాన్ని, నిలువునా నిలబడి ఊరంతా చూశాను. వల పైకి లేచింది. మంగతాయారు గట్టు మీద మొక్కలన్నీ మళ్లీ నీడలోకి తెచ్చి నీళ్లు పోసింది. మొలలోంచి కత్తి తీసి రాతి మీద రెండుసార్లు నూరి, నా మొదలు దగ్గర కూర్చుంది.

“ఇలా రా. ఇది పట్టుకో. కదపకు.”

ధనరాజు ఊపిరి బిగబట్టి మొక్కను పట్టుకున్నాడు. ఆమె తల కోసింది, చీల్చింది, కొమ్మ దింపింది, పట్టీ చుట్టి ముడి వేసింది. అటూ ఇటూ తిప్పి చూసి నా నీడలో పెట్టింది.

“ఇది బతుకుద్ది,” అంది.