రత్తమ్మ నోరు

రావులపాలెం చేపల మార్కెట్లో రత్తమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ నోరు వినకుండా చేప కొంటే కూరకి రుచి రాదనేవాళ్ళూ తక్కువేం కాదు. గోదావరి లంకలో మొగుడు పల్లంరాజు తెల్లారగట్ల వల తీసి తెచ్చిన బొమ్మిడాయిల్ని ఆటోలో వేసుకుని, ఏడింటికల్లా వచ్చి కత్తిపీట ముందు కూర్చునేది. చేపని నొక్కి చూసినవాణ్ణి, మొప్ప ఎత్తి వాసన పీల్చినవాణ్ణి, సగం ధరకి అడిగినవాణ్ణి, అందర్నీ ఒకటే తిట్టు తిట్టేది: "ఓరి నీ దుంపతెగా." తిట్టాక ఒక చేప ఎక్కువ వేసేది. తిట్టు తిన్నవాడు నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి కోపగించుకునే వెర్రివాడెవడూ ఉండడు. చనువు లేనిదే అది నోట్లోంచి రాదు.

పల్లంరాజు మాటకారి కాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను పెళ్ళాన్ని మెచ్చుకున్నదీ లేదు, నువ్వంటే నాకు ప్రాణమని రత్తమ్మ అన్నదీ లేదు. పడవ దిగి వచ్చిన మనిషిని ఆమె తిట్టాలి, అతను నవ్వాలి, తర్వాత అన్నం. తిట్టు వినబడని పూట, ఒంట్లో బాగుందా అని అతనే అడిగేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

నిరుడు వానాకాలంలో మణిదీప్ అనే అతను మార్కెట్‌కి వచ్చాడు. భీమవరంలో ఇంజనీరింగు చదివి, చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క, ఊళ్ళు తిరిగి తిండి వీడియోలు తీసి యూట్యూబులో పెట్టుకునేవాడు. చెడ్డవాడేం కాదు. ఫోను రత్తమ్మ మొహానికెదురుగా పెట్టి, ఇవి ఫ్రెష్షేనాండి అని అడిగాడు.

"ఓరి నీ దుంపతెగా. నువ్వు మంచం దిగకముందే ఇయ్యి పడవెక్కినయ్యి. నీకంటే ఇయ్యే ఫ్రెష్షు బాబూ."

వారం తిరక్కుండా ఆ ముక్కని ఇరవై లక్షల మంది చూశారని కూతురు రాణి లెక్క చెప్పింది. ఎవరో దానికి డప్పు కలిపారు. అది పెళ్ళి ఊరేగింపుల్లో డీజేలో మోగింది. రత్తమ్మకి చదువు రాదు గనక రాణి పొద్దుగూకులూ కామెంట్లు చదివి వినిపించేది. అబద్ధమెందుకు, మొదట్లో రత్తమ్మకి కాళ్ళు నేలమీద ఆనలేదు. పేరొస్తే ఎవరికి చేదు? పల్లంరాజు కూడా చూసి, నా తిట్టు ఊరందరికీ పంచేశావే అని నవ్వాడు. ఆ నవ్వులో ఏదో వెలితి ఉందని ఆమెకి అప్పుడు తట్టలేదు.

తర్వాత మొదలయ్యాయి పాట్లు. రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు. చేపల వంక చూసేవాళ్ళు కాదు. ఫోను పైకెత్తి, "ఒక్కసారి తిట్టండి పిన్నిగారూ, ప్లీజ్" అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్ళు. తిట్టమని అండీ గారూ అంటూ బతిమాలే జనాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చేసేదిలేక తిట్టేది. సరిగ్గా రాలేదండి, ఇంకోసారి అనేవాళ్ళు. ఇంకోసారి తిట్టేది. ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం వచ్చి, బూడిద రాసి తోమించుకుని మరీ బొమ్మిడాయిలు పట్టుకెళ్ళే వెంకటదుర్గ గారు రావడం మానేసింది. చేపల బేరంలో తన మొహం కూడా ఎవరి ఫోన్లోనో పడి, బంధువుల గ్రూపుల్లో తిరిగిందట. ఆవిణ్ణి తప్పు పట్టడానికేముంది?

పొద్దంతా అడిగినవాడికల్లా తిట్టి ఇంటికొచ్చిన ఒకరోజు, బురదకాళ్ళతో వసారా ఎక్కిన మొగుణ్ణి అలవాటు కొద్దీ తిట్టింది రత్తమ్మ. పల్లంరాజు నవ్వలేదు. ఆమె వెనక్కీ, గుమ్మం వైపూ ఓసారి చూశాడు.

"ఇది నాకేనా, ఫోనుకా?" అన్నాడు.

వెటకారానికన్నాడో నిజంగానే అడిగాడో తెలీదు గానీ ఆ మాట రత్తమ్మకి ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి ఇంట్లో తిట్టడానికి నోరు తెరిచినప్పుడల్లా, డప్పుతో కలిసిన తన గొంతే తనకి వినబడేది. మానేసింది. అతను అన్నం తిని ఊరికే లేచిపోయేవాడు. ఒంట్లో బాగుందా అని మాత్రం అడగలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం రేవులో వల బాగుచేసుకుంటూ పల్లంరాజు పక్కకి ఒరిగిపోయాడు. మనుషులు పోగయ్యేసరికే ప్రాణం పోయింది.

వాళ్ళుండే పేటలో ఒక పద్ధతి ఉంది. మొగుడు పోతే ముందుగా పెళ్ళామే శోకం ఎత్తుకోవాలి. ఆమె అందుకున్నాకే మిగతా ఆడవాళ్ళు గొంతు కలపాలి. ఆ శోకంలో పోయినవాణ్ణి పొగడరు, తిడతారు. నన్నొదిలేసి పోతావా అని నిలదీస్తారు, చేసిన తప్పులన్నీ ఏకరువు పెడతారు. ఎంత తిడితే అంత ప్రేమని లెక్క. శవాన్ని వసారాలో పడుకోబెట్టాక అందరూ రత్తమ్మ వైపు తిరిగారు. రాలేనివాళ్ళు ఆఖరిచూపు చూసుకుంటారని చుట్టాలు నలుగురైదుగురు వీడియో కాల్ పెట్టి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అందులో తప్పేముంది, ఇప్పుడన్ని చోట్లా అంతే.

రత్తమ్మ మొగుడి గుండె మీద చెయ్యి వేసింది. కడుపులోంచి తన్నుకొచ్చింది.

"ఓరి నీ దుంపతెగా..."

వెనక ఎవరిదో నవ్వు బయటపడి, దగ్గుగా మారింది. నవ్విన మనిషికి దుఃఖం లేక కాదు. కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళ పెదాలు కూడా ఓ క్షణం కదిలాయి. ఆ మాట వింటే నవ్వడం అందరికీ అలవాటైపోయింది. రత్తమ్మ తలెత్తి మొహాలు చూసింది, ఫోన్లు చూసింది. నోరు మూసుకుంది. ఆమె అందుకోలేదు గనక ఎవరూ అందుకోలేదు. పాడె లేచేదాకా ఆ ఇంట్లో చప్పుడు లేదు.

సాయంత్రానికి ఆ ముక్క వీడియోగా రాణి ఫోనుకే వచ్చింది. మూడు సెకన్లు. కింద నవ్వు బొమ్మలు. ఎవరు పెట్టారో తెలియలేదు. రాణి తల్లికి చూపించకుండా తుడిపేసింది గానీ అప్పటికే పేటంతా చూసింది.

జనం పలచబడ్డాక ఆడపడుచు నూకరత్నం వచ్చి రత్తమ్మ పక్కన కూలబడింది.

"మా అన్నని నోరారా తిట్టకుండా పంపేశావు వదినా. దిక్కులేనోడిలాగ పోయాడు."

నూకరత్నం కాసేపు రత్తమ్మ మొహంలోకి చూసింది. కోపం కరిగినట్టుంది. లేచి, తన ఫోనూ రాణి ఫోనూ తీసి పక్కింట్లో ఇచ్చి, వీధి తలుపేసి వచ్చింది. మొగుణ్ణి పడుకోబెట్టిన చోట రత్తమ్మని కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుంది.

"ఇప్పుడెవరూ లేరు వదినా. ఒక్కసారి తిట్టు."

ఒక్కసారి తిట్టమని అడిగినవాళ్ళలో మనసారా అడిగింది ఆమె ఒక్కతే. రత్తమ్మ నోరు తెరిచింది. ఖాళీ నేల వంక చూస్తూ చాలాసేపు అలాగే ఉంది. మాట రాలేదు.