జానెడు కిటికీ

ఫణిశ్రీ మూడోసారి సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. దేవేంద్ర నగర్‌లో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నేను బాగుచేసింది తిరిగి రావడం నాకు గిట్టదు. మొదటిసారి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లలో పేరుకున్న నల్లటి మసి ఊదేశాను. రెండోసారి కార్డు విప్పి, చిప్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాశాను. రెండుసార్లూ నా షాపులో ఏసీ కింద నాలుగేసి గంటలు నడిపి చూశాను. డెబ్బై డిగ్రీలు దాటలేదు.

"ఇంట్లో పెట్టగానే తొంభై ఐదుకి పోతోంది అంకుల్. స్క్రీన్ ఆరిపోతోంది," అంది. బిల్డర్లకు కట్టబోయే ఇళ్ల వీడియోలు చేసిస్తుంది ఆ అమ్మాయి. ఒక్కో వీడియోకి కంప్యూటర్ పది గంటలు ఆగకుండా నడవాలి. సోమవారానికి అందకపోతే పని ఇంకొకరికి పోతుంది. తండ్రీకూతుళ్లు బతికేది ఆ పని మీదే.

ఇంకేదో అనబోయింది. "ముందు పద. ఇంట్లో దాన్ని ఏం చేస్తున్నావో నేనే చూస్తా," అని కసిరాను.

మోవా వీధులు దాటాక, ఊరి చివర ఫ్యాక్టరీల వైపు వాళ్ల ఇల్లు. మే నెల. గదిలో అడుగు పెట్టగానే ఉక్క ముఖాన కొట్టింది. కిటికీ సందులన్నిటికీ టేపు, తలుపు కింద తడి తువ్వాలు. మంచం మీద ఆమె తండ్రి కొండలరావు, ముక్కుకు గొట్టం. పక్కన ఆక్సిజన్ మెషిన్ వేడిగాలి వదులుతోంది, దాన్ని ఆనుకునే కంప్యూటర్. ఇనుప ఫ్యాక్టరీ కొలిమి దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. బయటి గాలిలోనూ అదే మసి. కూలర్ పెడితే అదీ బయటి గాలినే లాగుతుంది. ఆయన గొట్టం జారితే సర్దాలి కాబట్టి కూతురి పని కూడా ఆ గదిలోనే.

ఇంత చూశాక కూడా నా నోరు ఊరుకోలేదు. "కార్డుకి ఏ రోగమూ లేదమ్మా. రోగమంతా ఈ గదిది. ఆ కిటికీ తెరవకుండా బ్రహ్మదేవుడొచ్చినా దీన్ని బాగుచెయ్యలేడు."

ఫణిశ్రీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

కొండలరావు చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచాడు. "బాబూ, కిటికీ పూరా తియ్యాలేటి? ఎంత తీస్తే సాలు?"

"పూరా ఎందుకు? జానెడు చాలు," అని వేళ్లు చాచి చూపించాను. కంప్యూటర్ గురించి అడిగాడు, కంప్యూటర్ గురించి చెప్పాను. టీ తాగి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఫణిశ్రీ షాపుకొచ్చింది. ఈసారి చేతుల్లో ఏమీ లేదు.

"నాన్న పోయారు అంకుల్."

నేను వెళ్లొచ్చాక ఆదివారం పొద్దున వీడియో మొదలుపెట్టి, మూడు రాత్రులు నిద్రలేక కుర్చీలోనే ఒరిగిపోయిందట. సాయంత్రం లేచేసరికి కార్డు డెబ్బై నాలుగు దగ్గర నడుస్తోంది. ఎందుకు చల్లబడిందో ముందు అర్థం కాలేదట. ఆ తర్వాత కిటికీ చూసింది. ఆయన మంచం దిగి, టేపు చిరక్కుండా ఊడదీసి, మళ్లీ పనికొస్తుందని గోడకు అంటించి ఉంచాడు. కీబోర్డు మీద, దుప్పటి మీద, ఆయన మీసాల మీద నల్లటి పొర. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రిలో బుధవారం దాకా ఉన్నాడు. వీడియో మాత్రం సోమవారానికి అందింది.

"సరిగ్గా ఇంతే తెరిచారు," అని వేళ్లు చాచి చూపించింది.

"జానెడు చాలని చెప్పింది నేనేనమ్మా," అన్నాను.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తల ఎత్తి ఏసీ వైపు చూసింది. దాని కింద ఎవరిదో కంప్యూటర్ పొద్దుటి నుంచి నడుస్తోంది.

"మూడోసారి తెచ్చింది బాగుచెయ్యమని కాదంకుల్. ఒక్క రోజు ఇక్కడ పెట్టి నడపనిస్తారా అని అడుగుదామని తెచ్చాను," అంది. "మీరు కోపంగా ఉన్నారని అడగలేదు."