స్వాహిలీ మియావ్

పెద్దల విందు పన్నెండింటికైతే, మియావ్ దెషున్ పదిన్నరకే బీజింగ్ విదేశాంగ శాఖ వంటశాలలో నూడుల్స్ గిన్నె ముందు కూర్చున్నాడు. దుభాషి విందు బల్ల దగ్గర తినకూడదు. నోట్లో ముద్ద ఉండగా మంత్రిగారు మాట్లాడితే కొంప మునుగుతుంది. మాట్లాడుకునే ఇద్దరి మధ్య కాస్త వెనగ్గా కూర్చుని కూర్చుని దుభాషి మియావ్ భుజాలు ముందుకు వంగిపోయాయి.

"ఇవాళ్టితో రిటైరవుతున్నావు, రేపట్నుంచి ఉద్యోగమే ఉండదు. ఇవాళైనా నెమ్మదిగా తినవయ్యా మహానుభావా!" అంది వంటామె గెంగ్.

"అలవాటు చావదుగా వదినా," అని నవ్వాడతను.

గాన్సు కొండల్లో కొర్రలు పండించే రైతు కొడుకు. కాలేజీలో చేరిన రోజు గోడమీది జాబితాలో అతని పేరు పక్కన 'స్వాహిలీ' అని ఉంది. అది ఏ దేశం భాషో కూడా తెలియదు పాపం. పైవాళ్లు ఇచ్చారు, నేర్చుకున్నాడు. తర్వాత ఇరవై రెండేళ్లు తూర్పు ఆఫ్రికాలోనే గడిచిపోయాయి. కూతురు పుట్టిన సంగతి ఉత్తరంలో చదువుకున్నాడు. ఒక్కటే ఆశ ఉండేది: ఒక్కసారి టాంజానియాకు రాయబారిగా వెళ్లి, ఎవరి మాటో కాదు, తన మాట తను చెప్పాలని. పోయిన నెల ఆ పదవి రాన్‌కిచ్చారు. ఇంగ్లీషు చదివినవాడు, ఒకప్పుడు మియావ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు.

ఇవాళ్టి విందు ఆ రాన్ కోసమే. టాంజానియా నుంచి వచ్చిన ముసలి మంత్రి చేపముక్క వడ్డించుకుంటూ మియావ్ వైపు తిరిగి స్వాహిలీలో అన్నాడు.

"ఈ కుర్రాణ్ణెందుకు పంపుతున్నారయ్యా? అచ్చం మా ఊరివాడిలా మాట్లాడతావు, నిన్ను పంపొచ్చుగా! నా మాటగా మీవాళ్లకి చెప్పు."

మియావ్ అలవాటుగా ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. అందరూ అతని నోటివైపే చూశారు. అతిథి అన్నది ఒక్క ముక్క వదలకుండా చెప్పాలి; ముప్ఫై అయిదేళ్లలో ఎన్నడూ తప్పలేదు. చెబితే తన కోసం తనే అడుక్కున్నట్టుంటుంది. పైగా ఎదురుగా రాన్. అయ్యో, ఆ మాట ఎవరైనా అంటే చాలని ఎన్నేళ్లు ఎదురుచూశాడు!

"చేప చాలా బాగుందంటున్నారు," అన్నాడు.

అందరూ నవ్వి గ్లాసులెత్తారు. ముసలి మంత్రికి చైనీస్ రాకపోయినా, మియావ్ మొహం చూసి సంగతి కనిపెట్టాడు. అతని చేతిమీద చెయ్యివేశాడు.

మూడింటికి మియావ్ గుర్తింపు కార్డు అప్పగించి, రోజూలాగే బస్సెక్కి వెళ్లిపోయాడు. విందులో రాసుకున్న పుస్తకం కూడా, నియమం ప్రకారం, వెళ్లేముందే దస్త్రాల గదిలో ఇచ్చేశాడు. అక్కడి అమ్మాయి ముద్ర వేయడానికి దాన్ని తెరిచింది. రాసుకున్న మాటను తర్జుమా చేసి చెప్పిన వెంటనే అడ్డంగా కొట్టేయడం అతని పద్ధతి. పేజీ నిండా గీతలే. మధ్యలో ఒక్క వరస మాత్రం కొట్టేయకుండా అలాగే ఉంది.